రెండిళ్ల మృదుల

తణుకులో మృదుల నవ్వినప్పుడల్లా నిడదవోలులో, నాగరత్నం ఇంటి ముందుగదిలో, పచ్చదీపం టపటపా కొట్టుకునేది.

ప్రెషర్ కుక్కరంత నల్లటి పెట్టె అది. దానికో చిన్న తెర, కెమెరా, ఆవగింజంత దీపం. మృదుల మామూలుగా మాట్లాడుతుంటే దీపం తాపీగా వెలిగి ఆరేది. నవ్వితేనో, ఆగకుండా ఏదో చెప్పుకుపోతుంటేనో ఊపిరాడనట్టు మినుకుమనేది. ఈ తేడా నాగరత్నానికి ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్లుగా పిండిమర నడుపుతున్న మనిషి. మోటారు చప్పుడు విని మరలో పడుతున్నది బియ్యమో శనగలో చెప్పేస్తుంది. కూతురి దీపం చదవడం ఆవిడకో లెక్కా?

"పొద్దున్న ఎనిమిదన్నా కాలేదు. అప్పుడే ఏం నవ్వు?" అని పెట్టెను అడిగింది. "ఏం చెబుతోందే ఆవిడ, అంత నవ్వొచ్చేట్టు?"

తెర నల్లగా ఉంది. ఈ వారం అత్తగారింటి వంతు.

మృదుల ఒళ్లు మాత్రం రెండిళ్లలోనూ లేదు. అది విశాఖలో, ఒక నరాల పరిశోధన సంస్థ మూడో అంతస్తులో, గాజు గదిలో పడుకుని ఉంది. పదకొండు నెలల కిందట వచ్చిన జ్వరం ఆ పిల్ల వెన్నులో నరాల్ని మాడ్చేసి పోయింది. వాటిని మళ్లీ మొలిపించొచ్చన్నారు డాక్టర్లు. ఏడాది పడుతుందన్నారు, అంతవరకూ మెదడు ఒక్క ఆలోచన కూడా చేయకూడదన్నారు. అంతకాలం ఊరికే పడున్న మనసు తిరిగి పనికిరాదు. అందుకని మనసును బయటికి తీసి, యంత్రంలో నడిపిస్తూ ఉంచి, ఒళ్లు బాగయ్యాక మళ్లీ ఒంట్లో పోస్తారు. మొదట్లో అలా తీసినవాళ్లని సంస్థ సర్వర్లలోనే ఉంచారు. మూణ్ణెల్లు తిరక్కుండా వాళ్లు సొంత పిల్లల పేర్లు మరిచిపోయారు. మనసు మనసుగా ఉండాలంటే దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ల మధ్య ఉండాలని అప్పుడు తెలిసింది. అప్పట్నించీ పెట్టెలు ఇళ్లకే పంపుతున్నారు.

మృదుల భర్త శశిధర్ ఆ సంస్థలోనే స్టోరేజి ఇంజనీరు. ఇళ్లలో పెట్టెలు బిగించి, ఒకదానితో ఒకటి కలిపే పని అతనిది. సొంత భార్య కోసం బిగించే రోజు వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

"ఒక్క పెట్టె చాలదా బాబూ?" అని అడిగింది నాగరత్నం ఆ రోజు, అతను గోడకి వైరు కొడుతుంటే.

"చాలదండి అత్తయ్యగారూ. ఆ ఒక్కటీ కాలిపోతే మృదుల లేనట్టే. అందుకే ఒకటి మీ దగ్గర, ఒకటి తణుకులో మా అమ్మ దగ్గర. తను నడిచేది ఒకచోటే, ఇక్కడో వారం, అక్కడో వారం. కానీ తన ప్రతి ఆలోచనా రెండు పెట్టెల్లోనూ రాసుకుంటుంది. ఇక్కడ ఒక మాట అందనుకోండి, అది వైరులో తణుకు పోతుంది. అక్కడి పెట్టె 'రాసుకున్నాను' అని కబురు పంపాకే ఇక్కడ ఆ మాట పూర్తయినట్టు."

నాగరత్నం కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది. "అంటే నా కూతురు నన్ను అమ్మా అనాలంటే మీ అమ్మగారు ఊఁ అనాలా?"

శశిధర్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"మా అమ్మ కాదండి, పెట్టె. సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఇక్కడ మీరిద్దరూ మాట్లాడుకునేది అక్కడెవరూ చదవలేరు కూడాను."

"చదవలేనప్పుడు రాసుకోడం దేనికి?"

శశిధర్ అత్తగారి మొహం చూసి, సంచీలోంచి ఇంకో పెట్టె తీశాడు. అగ్గిపెట్టెంత ఉంది.

"ఇది సాక్షి. ఇందులో మృదుల ఉండదు. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య వైరు తెగిందనుకోండి, అవతలి పెట్టె పోయిందనుకుని రెండు పెట్టెలూ తనని లేపేస్తాయి. ఇద్దరవుతారు. వేరువేరుగా బతికిన ఇద్దరిని మళ్లీ ఒకరిని చేయడం మా వల్ల కాదు. అందుకని మూడింట్లో రెండు ఒకదానికొకటి కనిపిస్తేనే తను నడుస్తుంది. ఒంటరిగా మిగిలిన పెట్టె తనంతట తనే ఆగిపోతుంది."

సాక్షిని ఎవరి దగ్గర ఉంచాలన్నదానికి రెండిళ్లూ ఒకే పేరు చెప్పాయి. పెరవలి గవర్రాజు గారు. ఈ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి. లాంఛనాల దగ్గర మాట తేడా వచ్చినా, విడిదింట్లో కాఫీ చల్లారిందని మగపెళ్లివారు అలిగినా ఆయన వచ్చి ఓ మాట అంటే సర్దుకునేవారు. "ఆయ్, దాందేవుందండి. మన టీవీ పక్కనెట్టేయండి," అన్నారాయన.

వంతు మారేది సోమవారం పొద్దున్న పది గంటలకి. విశాఖలో శశిధర్ మీట నొక్కితే మృదుల ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మాట మధ్యలో ఉండగానే వచ్చేసేది. తణుకులో ఎత్తుకున్న వాక్యం నిడదవోలులో ముగించేది. అందుకే కూతురి నోటివెంట నాగరత్నం మొదట వినేది ఎప్పుడూ సగం మాటే.

"...అని అత్తయ్య ఒకటే నవ్వు," అంది మృదుల ఆ సోమవారం తెర మీద వెలుగుతూనే. "ఓ, వచ్చేశానా. ఏంటమ్మా, అలా చూస్తున్నావు?"

"నవ్వింది చాల్లే. ఎలా ఉన్నావు?"

"నిన్న పదకొండు మెట్లెక్కాను."

పెట్టెలో మృదులకి ఊహతో చేసిన ఒళ్లొకటి ఇచ్చారు. దాంతో నడవొచ్చు, కూర్చోవచ్చు, పడొచ్చు కూడా. తిరిగి అసలు ఒంట్లోకి పోయేనాటికి నడక మరిచిపోకూడదని. మృదుల అత్తగారు హైమావతి తణుకు బాలికల హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరు. రిటైరై నాలుగేళ్లయినా మెళ్లో ఈల తీయలేదు. ఆవిడ పొద్దున్నే ఈల ఊది కోడల్ని మెట్లెక్కిస్తోంది.

"పడితేనో?"

"పడ్డాను. నాలుగుసార్లు."

"చూశావా. దెబ్బ తగిలిందా?"

"తగిలినట్టే ఉంటుందమ్మా. పడితే లేస్తాం కదా."

"లేవలేకపోతే? ఆవిడకేం, ఈల ఊది కుర్చీలో కూర్చుంటుంది. కన్నది నేను. నా దగ్గరున్న వారం రోజులూ మెట్లూ గిట్లూ ఏం వద్దు. మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పు."

మృదుల కూర్చునేది. కబుర్లు చెప్పేది. ఆ కబుర్లలో మూడోది వచ్చేసరికి 'అత్తయ్య' ఉండేది. నాగరత్నం మొహం ముడుచుకునేది. మృదుల గమనించి మాట మార్చేది. మార్చిందని తల్లికి తెలిసేది. అదింకా కష్టంగా ఉండేది.

కూతురు తణుకు వెళ్లే సోమవారాల్లో నాగరత్నం బస్సులో ఓ డబ్బా కజ్జికాయలు పంపేది, పిల్లతో సారె పంపినట్టే. తినే నోరు ఆ ఇంట్లో ఒక్క హైమావతిదేనని తెలుసు. అయినా పంపేది. పుట్టింటివాళ్లు ఉత్తచేతుల్తో పంపారన్న మాట పడకూడదు. హైమావతి ఆ డబ్బాని ఖాళీగా తిప్పి పంపకుండా జామపళ్లు వేసి పంపేది. "పండినవి చెట్టుకి ఉంచుకుని పచ్చివి పంపింది," అనుకుని నాగరత్నం వాటినే ఉప్పూ కారం అద్దుకుని తినేది.

పన్నెండో నెలలో విశాఖ నుంచి కబురొచ్చింది. నాగరత్నం రైలెక్కి వెళ్లింది. గాజు గదిలో కూతురు పడుకుని ఉంది. మొహం నిండుగా ఉంది, బుగ్గలు తేరాయి. నర్సుని బతిమాలి లోపలికెళ్లి చెయ్యి పట్టుకుంది. గోళ్లు పొట్టిగా, గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. తల నున్నగా దువ్వి రెండు జడలు వేసి, మడిచి కట్టి ఉంది, స్కూలు పిల్లకి వేసినట్టు.

"ఎవరు వేశారమ్మా ఈ జడలు?"

"మొన్న వాళ్ల అత్తగారొచ్చారండి. గోళ్లు కూడా ఆవిడే తీశారు," అంది నర్సు. "అదృష్టవంతురాలండి మీ అమ్మాయి."

నాగరత్నం జడలు విప్పేసింది. విప్పి, తిరిగి ఒక్క జడ వేసి, వదులుగా ఉందని మళ్లీ విప్పి మళ్లీ వేసింది. బయట డాక్టరమ్మ, శశిధర్ నిలబడి ఉన్నారు.

"నరాలు చక్కగా అల్లుకున్నాయండి," అంది డాక్టరమ్మ. "ఈ నెలాఖరున మనసు తిరిగి ఎక్కిస్తాం. తేదీ దాటితే కొత్త నరాలు బిగుసుకుపోతాయి, ఇక ఎక్కదు. ఒక్క సంగతి. ఎక్కించేటప్పుడు మనసు ఒంటికి ఎదురు తిరగకూడదు. నడవాలని, లేవాలని దానికి ఉండాలి. అందుకని చివరి రెండు వారాలూ తణుకులోనే ఉంచుదాం. హైమావతి గారి డ్రిల్లు బాగా పనిచేస్తోంది."

"రెండు వారాలూనా?" అంది నాగరత్నం. "మరి నా వంతు?"

శశిధర్ నేల చూశాడు. "రెండు వారాలే కదండి అత్తయ్యగారూ. తర్వాత మనిషే మన దగ్గరుంటుంది."

మన దగ్గర. అంటే తణుకులో. ఒళ్లొచ్చాక కాపురానికే పోతుంది. ఇదంతా అయ్యాక కూతురు తనకి పండక్కో పబ్బానికో వచ్చే చుట్టమే. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నాగరత్నం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. తన చివరి వారంలో మిగిలినవి నాలుగు. లెక్క తప్పిందేమోనని మళ్లీ పెట్టింది. నాలుగే.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పెరవలిలో దిగింది. గవర్రాజు గారింట్లో వెల్ల వేస్తున్నారు. టీవీ మీద దుప్పటి కప్పి ఉంది.

"అయ్యో, ఈ సున్నం నీళ్లు సాక్షి మీద పడితే కొంపలంటుకుంటాయి బాబాయిగారూ," అంది నాగరత్నం. "వెల్ల అయ్యేదాకా మా ఇంట్లో పెట్టుకుంటాను. మాకు ఇన్వర్టరుంది."

"ఆయ్, పట్టుకెళ్లమ్మా. అల్లుడుగారితో ఓ మాట చెబుదామా?"

"నేను చెబుతాలెండి."

రెండు నెలల కిందట రోడ్డు తవ్వేవాళ్లు వైరు తెంపినప్పుడు తన పెట్టె దానంతట అదే ఆగిపోవడం ఆవిడ చూసింది. ఒంటరిగా మిగిలిన పెట్టె ఆగుతుంది. సాక్షి పక్కనే ఉంటే ఒంటరి కాదు. చదివింది ఎనిమిదే అయినా మూడింట్లో రెండంటే ఎంతో ఆవిడకి తెలుసు. సాక్షిని తెచ్చి తన పెట్టె పక్కనే తగిలించింది. విశాఖలో సాక్షి ఒక గంట కనబడకుండా పోయి మళ్లీ కనబడేసరికి పెరవలిలో కరెంటు పోయుంటుందనుకున్నాడు శశిధర్.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికే ఆకాశం నల్లబడింది. పదికి పది నిమిషాలుందనగా దూరంగా ఉరిమింది. నాగరత్నం బయటికి పోయే నెట్ వైరు పట్టుకుని లాగేసింది. చిన్న చప్పుడైంది, అంతే.

తెర మీద మృదుల అలాగే ఉంది. ముందుగదిలో, తన ఒక్కదాని ముందు.

పదీ పదికి ఫోను మోగింది. నాగరత్నం గుమ్మంలోకి వెళ్లి, మృదులకి వినబడకుండా గొంతు తగ్గించి మాట్లాడింది. "అత్తయ్యగారూ, మీ పెట్టె కనబడటం లేదండి."

"పిడుగులు బాబూ. భయమేసి అన్నీ పీకేశాను. పెట్టె కూడా ఆపేశాను."

అతను నమ్మాడు. ఉరిమితే ఫ్రిజ్జు, టీవీ, ఫ్యాను, ఆఖరికి కాలింగ్ బెల్లు కూడా పీకేసే మనిషని అందరికీ తెలుసు.

"సాక్షి కూడా పోయిందండి. పెరవలి దాకా పడ్డట్టున్నాయి పిడుగులు. మీ పెట్టె ఆగిపోయిందన్నారు కాబట్టి తణుకులో సాక్షి లేకుండానే బలవంతంగా లేపుతాను. ఇప్పుడు డ్రిల్లు ఒక్కరోజు ఆగకూడదు, నేనూ ఇక్కణ్ణించి కదల్లేను. మీరు మాత్రం నేనొచ్చి కలిపేదాకా ఆ స్విచ్ వేయకండి. వేశారంటే ఇద్దరవుతారు."

నాగరత్నం తెర వైపు చూసింది. మృదుల కనుబొమలెత్తి, 'ఎవరు?' అన్నట్టు చూస్తోంది.

"వేయను నాయనా," అంది నాగరత్నం, ఈసారి పైకే.

"ఏంటమ్మా వేయనంటున్నావు?"

"మోటారు. వోల్టేజి లేదట. మీ ఆయన నిన్నింకొన్నాళ్లు ఇక్కడే ఉండమన్నాడు."

ఇద్దరయ్యారు. ఆ సంగతి ఆ రోజంతా ఆవిడని వదల్లేదు. తర్వాత దానికీ ఓ మాట దొరికించుకుంది. తణుకులో ఉన్నది నకలు. అక్కడ ఎంత నవ్వినా నకలు నవ్వే. అసలుది ఇక్కడుంది. దీపం ఇప్పుడు కొట్టుకుంటే అది తన మాటలకే.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆవిడ మర తీయలేదు. పిండికొచ్చినవాళ్లని వాకిట్లోంచే పంపేసింది. మృదుల పుట్టిన పూట దగ్గర్నుంచి మొదలెట్టి చెప్పింది. వాళ్ల నాన్న లారీలోంచి ధాన్యం బస్తాలు దించుతూ గుండె పట్టుకుని కూలబడి చనిపోయిన పగలు, తను గుమ్మంలో ఎదురుచూస్తూ ఎలా గడిపిందో చెప్పింది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వైరులో పడి తణుకు పోతుందని చెప్పలేదు. మృదుల విని, "అందుకేనా అమ్మా నేను ఆలస్యంగా వస్తే గుమ్మంలో నిలబడేదానివి," అంది. నాగరత్నానికి ఏడుపొచ్చింది. హాయిగా ఏడ్చింది.

అన్నీ చెప్పింది. సైకిలు మీంచి పడ్డ పిన్నికూతురి సంగతి, మెట్ల మీద జారి తుంటి విరిగిన పంతులమ్మ సంగతి, మత్తుమందిచ్చాక మళ్లీ లేవని ఎదురింటాయన సంగతి. హెచ్చరించడానికే చెప్పింది. "ఒంట్లోకెళ్లాక జాగ్రత్త. కాలు చూసుకుని వెయ్యి. ఆవిడ ఈల ఊదితే పరిగెత్తకు."

ఆరో రోజు నుంచి మృదుల మంచం దిగడం మానేసింది. కూర్చునే దగ్గర కూడా గోడకి ఆనుకునేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అంది.

"అమ్మా, నేనింక వెళ్లను."

"ఎక్కడికే? తణుకా?"

"ఒంట్లోకి. ఒళ్లుంటే అన్నీ భయాలే కదా. పడతాం, కాలుతుంది, మళ్లీ జ్వరమొస్తుంది. ఇక్కడ నీ దగ్గరే బాగుంది. ఇలాగే ఉండిపోతాను."

నాగరత్నం గుండె ఒక్కసారి పొంగింది. పన్నెండు నెలలుగా వినాలనుకున్న మాట. నీ దగ్గరే బాగుంది. హైమావతి చెవిలో పడితే బాగుండుననిపించింది.

"మళ్లీ అను," అంది.

"నీ దగ్గరే బాగుంది. బయట ఏమవుతుందో ఏంటో."

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది నాగరత్నం. ఏమవుతుందో ఏంటో. ఆ సాగదీత తనది. అలా అంటూ చీరంచు వేలికి చుట్టుకునే అలవాటు తనది. తెర మీద మృదుల ఊహచేత్తో చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. తన కూతురు ఎన్నడూ చేయని పని. చిన్నప్పుడు ప్రహరీ మీంచి దూకి మోచెయ్యి విరగ్గొట్టుకుని, కట్టు విప్పిన మర్నాడే మళ్లీ దూకిన పిల్ల.

తొమ్మిది రోజుల్లో తనని తాను ఇందులో పోసేసింది. మనసు ఒంటికి ఎదురు తిరగకూడదంది డాక్టరమ్మ. తను అసలుదనుకున్న ఇది తిరుగుతుంది. ఎక్కదు. నరాలు బిగుసుకుంటాయి. గాజు గదిలో కూతురు ఆ ఒక్క జడతో అలాగే పడుంటుంది.

ఆవిడ ఫోను తీసింది. అల్లుడికి చేయలేదు.

"వదినగారూ, మీ ఈల పట్టుకుని ఓసారి రండి," అంది. "నేను పాడుపని చేశాను."

హైమావతి ఆ సాయంత్రానికల్లా వచ్చింది. వెంట విశాఖ నుంచి పరుగున దిగిన శశిధర్. అతని చేతుల్లో తణుకు పెట్టె, ఆపేసి, నల్లగా. వెలుగుతున్న ఈ పెట్టెనీ, పక్కనే సాక్షినీ చూసి శశిధర్ అలా నిలబడిపోయాడు.

"ఆపేశానన్నారు. మిమ్మల్ని నమ్మి నేను అక్కడ లేపాను."

"తిట్టు బాబూ. తర్వాత తిట్టు. ముందు దీన్ని నడిపించమను మీ అమ్మగారిని."

హైమావతి తెర ముందు కూర్చుంది. ఆవిడ తిడితే బాగుండునని ఉంది నాగరత్నానికి.

"మృదులా, లే. రెండు మెట్లు."

"వద్దత్తయ్యా. మెట్ల మీద తుంటి విరిగిపోతుంది."

"ఎవరన్నారు?"

హైమావతి ఈల ఊదింది. తెర మీద పిల్ల ఉలిక్కిపడి గోడకి అంటుకుపోయింది. హైమావతి ఈల కిందికి దించి, వేళ్లతో దాన్ని తిప్పుతూ కూర్చుంది. ముప్పై ఏళ్లలో ఎంతోమంది పిరికిపిల్లల్ని పరిగెత్తించిన మనిషి. "రెండు నెలలు కావాలి," అంది చివరికి.

"నాలుగు రోజులున్నాయమ్మా," అన్నాడు శశిధర్. "ఆ పిల్ల మెట్లు, ఈ పిల్ల కబుర్లు కలిపి ఒక మనిషిని చేయలేను. ఒకరిని ఉంచాలి. ఉంచినవాళ్లని రెండో పెట్టె మీద మొత్తం రాసేస్తాం. అక్కడున్నవాళ్లు చెరిగిపోతారు."

పెద్దమనిషిగా తేల్చమని గవర్రాజు గారికి శశిధర్ ఫోను చేస్తే ఆయన తప్పుకున్నారు. "సాక్షిని ఇచ్చేసినవాణ్ణి. నన్నడక్కండి బాబూ."

"నా నోటితో నేను చెప్పను," అంది హైమావతి. "నా దగ్గర పెరిగింది ఉండాలని చెబితే నా స్వార్థం. మీరు కన్నారు. మీరే చెప్పండి వదినగారూ."

ఇక్కడ కూడా మంచిదనిపించుకుంది, అనుకుంది నాగరత్నం. ఆ వేళ కూడా ఆ కుళ్లు పోలేదు. "మీరిద్దరూ కాస్త వాకిట్లో ఉండండి," అంది.

తలుపు దగ్గరగా వేసి, తెర ముందు పీట వేసుకుంది.

"విన్నావా?"

"విన్నాను. నన్ను చెరిపేస్తావా అమ్మా?"

"ఊఁ."

"ఆ పిల్ల కూడా నేనేనా?"

"నువ్వే. నా భయం తగలని నువ్వు."

మృదుల చాలాసేపు చున్నీ అంచు చుట్టుకుంది, విప్పింది. "నాన్న సంగతి దానికి తెలీదుగా."

"తెలీదు."

"చెబుతావా?"

"చెప్పను. మళ్లీ గుమ్మం వైపు చూడ్డం నేర్చుకుంటుంది."

"అమ్మా, నీకు భయంగా లేదూ?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్నకి ఆవిడ ఎవరికీ లేదని చెప్పలేదు. వాన పడితే భయం, పడకపోతే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఆవిడ రెండు చేతులూ కెమెరాకి కనబడకుండా పీట కింద అదిమి పట్టుకుంది.

"లేదు," అంది. "కళ్లు మూసుకో. నేనిక్కడే ఉన్నాను."

మృదుల కళ్లు మూసుకుంది. శశిధర్ వచ్చి పెట్టెల మధ్య వైరు కలిపి, మీట ఏదో చూపించాడు. నాగరత్నమే నొక్కింది. రాత పూర్తవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆవిడ పీట మీంచి లేవలేదు.

మృదుల ఒంట్లోకొచ్చిన పదోరోజు సంస్థ వరండాలో నడిచింది. ఒక పక్క శశిధర్, ముందు హైమావతి వెనక్కి నడుస్తూ. నాగరత్నం గోడవార కుర్చీలో కూర్చుని, ప్రతి అడుగుకీ లేవబోయి, మళ్లీ కూర్చుంటూ ఉంది. పడుతుంది అనే మాట నాలుక చివరికొచ్చినప్పుడల్లా మింగింది. మృదుల రెండుసార్లు పడబోయింది, ఒకసారి పడింది. పడి, కూర్చుని నవ్వింది.

"అమ్మా, ఇటు చూడు. నువ్వు చాలా దుర్మార్గురాలివి," అంది రొప్పుతూ. "ఆఖర్లో నీ దగ్గర మాట్లాడాల్సినవన్నీ ఉండిపోయాయి. పిడుగులకి భయపడి కన్నకూతుర్నే పీకేశావట. ఈయన చెప్పారు."

శశిధర్ తల తిప్పుకున్నాడు. హైమావతి ఈల చేత్తో పట్టుకుని నాగరత్నం వైపు చూసింది.

"అవునే," అంది నాగరత్నం. "భయమేసింది."

"నీతో వేగలేం తల్లీ," అని మృదుల మొగుడి భుజం పట్టుకుని లేచి వరండా అవతలి కొసకి నడిచింది.

హైమావతి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. కాసేపు ఇద్దరూ ఆ నడకనే చూశారు.

"వదినగారూ, ఒకటడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ తొమ్మిది రోజులూ మీ దగ్గర ఆ పిల్ల ఏం మాట్లాడింది?"

"మీకెందుకండీ?"

"అదీ నా కోడలే కదండీ. నేను చూడని కోడలు. ఆ పూట నన్ను చూసి గోడకి అంటుకుపోయిందే, అదే నాకు మిగిలింది. రోజూ అదే గుర్తొస్తోంది."

చెప్పకూడదనుకుంది నాగరత్నం. పన్నెండు నెలల్లో తన ఒక్కదానివే అయిన రోజులు ఆ తొమ్మిదే. వాటిలో కూడా ఈవిడకి వాటా ఎందుకు? పళ్ల బిగువున కూర్చుంది. అంతలోనే ఎప్పటిలాగే ఇంకో ఆలోచన వచ్చింది. తనకి బీపీ ఉంది. తన తల్లికి అరవై దాటగానే మతిమరుపు వచ్చింది, కొంగున కట్టుకున్న తాళాలు కూడా గుర్తుండేవి కావు. రేపు తనకేమన్నా అయితే చున్నీ అంచు వేలికి చుట్టుకుని భయంభయంగా కూర్చున్న ఆ పిల్ల లోకంలో ఎక్కడా ఉండదు.

వరండా కొసన మృదుల వెనక్కి తిరిగింది. ఇక్కడికి వచ్చేసరికి పావుగంటైనా పడుతుంది.

"కుర్చీ ఇటు జరుపుకోండి," అంది నాగరత్నం, గొంతు తగ్గించి. "తనకి వినబడకూడదు. మొదటి రోజు వాన వదినగారూ. వాన చూడాలంది. పెట్టెను కిటికీలో పెట్టాను."